స్టేజీ పట్టని గుట్ట

ఆడవాళ్ళ సైకిల్ రేసులో గుట్ట ఉండాలా వద్దా అన్నది మా దగ్గర ఎలా తేల్చారో చెబితే ఎవరూ నమ్మరు. దూరం చూసి కాదు, ఎత్తు చూసి కాదు, తొక్కే వాళ్ళ కాళ్ళు చూసి అసలే కాదు. షామియానా ఎక్కడ వేస్తే బాగుంటుందో చూసి తేల్చారు. నేను పక్కనే నిలబడి విన్నాను కాబట్టి చెబుతున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మాది పోచంపల్లి పక్క పల్లె. మగ్గం మీద ఇల్లు గడవక అమ్మా నాన్నా దిల్‌సుఖ్‌నగర్ వచ్చేశారు. నాన్న ఒక చీరల షోరూంలో సేల్స్‌మన్. అమ్మ మెయిన్ రోడ్డు వెనక సందులో మ్యాచింగ్ సెంటర్ పెట్టుకుంది. జాకెట్ ముక్కలు, లైనింగులు, చీరలకు ఫాల్స్, పికో. డిగ్రీ అయ్యాక నేను ఆ కొట్లో కూర్చోవాలి. కూర్చోకుండా తెల్లారకముందే సైకిల్ తీసుకుని కర్మన్‌ఘాట్ మీదుగా నాదర్‌గుల్ వైపు పోయేదాన్ని. నాదర్‌గుల్ దాటాక ఒక గుట్ట ఉంది. ఎవరో ప్లాట్లు అమ్ముకుందామని పైదాకా తారు రోడ్డు వేశారు. ప్లాట్లు అమ్ముడుపోలేదు, రోడ్డు మిగిలింది. దాని మీద బండ్లు తిరగవు. రోజూ ఆ రోడ్డు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, అదే నా పని.

నేను బక్కగా ఉంటాను. "దీన్ని ఫ్యాన్ కింద కూసోబెట్టకుర్రి, ఎగిరిపోతది" అని మా మేనత్త ఎగతాళి చేసేది. ఆ బక్కతనమే గుట్ట మీద నాకు కలిసొచ్చేది. ఎత్తు మొదలైందంటే బలంగా ఉన్న వాళ్ళు ఆయాసపడి వెనకబడతారు, నేను మెల్లగా విడిపోయి ముందుకు వెళ్తాను. చదును రోడ్డు మీద మాత్రం నాది ఏమీ నడవదు. గట్టి తొడలున్న పిల్లలు చివర్లో ఒక్క ఊపులో నన్ను దాటేస్తారు. ఈ సంగతి నాకూ తెలుసు, నాతో తొక్కే వాళ్ళకూ తెలుసు.

ఆ ఏడు కూడా రాష్ట్ర ఛాంపియన్‌షిప్ మా వైపే పెట్టారు. ఆడవాళ్ళలో మొదటి నలుగురిని జాతీయ పోటీకి పంపుతారు. అంతకు ముందేడు లాగే గుట్ట రోడ్డే అన్నారు, ఆడవాళ్ళకు ఫినిష్ కూడా గుట్ట పైనే అన్నారు. నా కాళ్ళు నేల మీద ఆగలేదు. అప్పటికే అమ్మకు మోకాళ్ళు పట్టేసి, మిషన్ తొక్కితే లేవలేకపోయేది. ఒక రోజు కొట్టు కట్టేస్తూ తేల్చి చెప్పింది.

"గీ ఒక్క యేడు తొక్కు. టీంల పడ్డవనుకో, నేనే నోరు మూసుకుంట. పడకుంటె ఒచ్చి కొట్ల కూసో. నాతోని అయితలేదు బిడ్డా."

నేను సరే అన్నాను. గుట్ట ఉంది కదా అన్న ధైర్యం.

పోటీకి కొద్ది వారాల ముందు ఎల్బీనగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ మేడ మీద మీటింగ్ పెట్టారు. పోటీ నడిపే సైకిల్ కమిటీకి సెక్రటరీ సార్ ఒకప్పుడు బడిలో ఆటల మాస్టారు. చెడ్డ మనిషి కాదు. ఎవరి సైకిల్ దారిలో పంచర్ అయినా స్కూటర్ మీద ట్యూబు తెచ్చిచ్చే రకం. ఆ రోజు దోశ తుంచుకుంటూ, చట్నీ బాగుందన్నంత మామూలుగా, "లేడీస్‌కు గుట్ట తీసేస్తున్నం. కిందనే బడంగ్‌పేట్ రోడ్డు మీద నాలుగు రౌండ్లు" అన్నాడు. మగవాళ్ళ గుట్ట మగవాళ్ళకు అలాగే ఉంది.

"ఎందుకు సార్?" అన్నాను.

"ఎందుకేందమ్మా? పోయినసారి సగం మంది నడుమల్నే దిగి ఆటోలల్ల ఒచ్చిండ్రు. ఒక పిల్ల దిగుడు కాడ పడి మోచెయ్యి ఇరగ్గొట్టుకుంది. ఆమె నాయిన ఒచ్చి నా మీద పడ్డడు. మల్ల ఎవరు పడాలె గా పరేషాన్?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. మా పోటీకి వచ్చే పిల్లల్లో గేర్లు సరిగా మార్చడం రాని వాళ్ళు చాలామంది. మొదటిసారే బెదరగొడితే మళ్ళీ ఏడు రారు. రాకపోతే ఆడవాళ్ళ పోటీయే ఎత్తేస్తారు. అదంతా నాకు అర్థం కాక కాదు. కానీ కొత్త పిల్లలకు వేరే చిన్న రేసు పెట్టొచ్చు కదా. ఇది ఛాంపియన్‌షిప్. రాష్ట్రంలో గట్టిది ఎవరో తేల్చాల్సిన రోడ్డు, తొక్కే వాళ్ళను ఏదో ఒకటి అడగాలి. మరీ చచ్చేంత కష్టం అక్కర్లేదు, గట్టిది ముందుకొచ్చి మిగతావాళ్ళు వెనకబడేంత కష్టం చాలు. అందరూ గుంపుగా వచ్చి చివరి వంద గజాల్లో తేల్చుకునేదానికి అంత దూరం తొక్కించడం దేనికి? అక్కడే ఒక గీత గీసి ఉరికించండి, అయిపోతుంది. ఇవే మాటలు అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

"నువ్వు ఎక్కుతవని గుట్ట పెట్టాల్నా ఏంది?" అన్నాడు పక్కన కూర్చున్న కమిటీ మెంబరు. అందరూ నవ్వారు.

"మరి ఎక్కనోళ్ళున్నరని తీసెయ్యాల్నా?" అన్నాను.

నా పోరు పడలేక సెక్రటరీ సార్ మర్నాడు నన్ను కారులో గుట్ట మీదికి తీసుకెళ్ళాడు. రోడ్డు చూపిస్తే మనసు మారుతుందని నా ఆశ. ఆయన రోడ్డు వైపే చూడలేదు. పైన దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, నాలుగు వైపులా రాళ్ళను చూశాడు.

"గీడ స్టేజీ ఏడ ఏస్తం?" అన్నాడు. "లీడర్ సార్ చీఫ్ గెస్టుగ ఒస్తుండు. ఆయనెంబడి పది కార్లొస్తయి. ఏడ పెడ్తరు? శాలువలు, బొకేలు, మైకు, అన్నం డేగిసాలు, గివన్ని గింత పైకి ఎవడు మోస్తడు? కింద ఫంక్షన్ హాల్ మాట్లాడినం. గేటు ముంగటనే ఫినిష్."

"అట్లనే పెట్టుకోర్రి సార్. ఫినిష్ కింద పెట్టి, గుట్ట నడుమల ఉంచుర్రి, మొగోళ్ళకు ఉంచినట్టు" అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "నీకు సమజైతలేదమ్మా. గుట్ట ఉంటే ఒకామె ముందుగల్ల ఒస్తది, ఒకామె అర్ధగంటకు ఒస్తది. సార్ ఎంతసేపని కూసుంటడు? అందరు ఒక్కపారి ఒచ్చిండ్రనుకో, ఫొటో మంచిగొస్తది."

చూశారా! అందరూ ఒకేసారి రావాలట, ఫొటో కోసం. ఎవరు ముందో తేల్చడానికే పోటీ పెట్టుకుని, ఎవరూ ముందు రాకుండా రోడ్డు వెతికారు మా వాళ్ళు. పైనుంచి కిందికి వస్తున్నంతసేపూ ఆయన భోజనాల గురించే మాట్లాడాడు. బగారన్నంలోకి ఏం కూర బాగుంటుందని నన్నే అడిగాడు. ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

పోటీ రోజు నేను చేయాల్సిందంతా చేశాను. సైకిల్ రేసులో ముందున్న మనిషి గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకున్న వాళ్ళు ఆ చాటున సుఖంగా వస్తారు. గుట్ట మీద వేగం తగ్గుతుంది కాబట్టి ఆ చాటు పెద్దగా పనికిరాదు, ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలి. చదును రోడ్డు మీద అదే రాజ్యం. మొదటి రౌండులోనే విడిపోదామని బలంగా తొక్కాను. వెనక్కి తిరిగి చూస్తే గుంపు మొత్తం నా వెనకే ఉంది. రెండో రౌండులో మళ్ళీ, మూడో రౌండులో మళ్ళీ. పెళ్ళి వాళ్ళను వెంటబెట్టుకుని పోతున్నట్టు అందరినీ లాక్కుపోయాను. నాలుగో రౌండుకు నా కాళ్ళలో ఏమీ మిగల్లేదు. ఫంక్షన్ హాల్ గేటు కనపడగానే అందరూ ఒక్కసారి లేచి నన్ను దాటేశారు. ఏడో స్థానం.

గెలిచింది ఎల్బీనగర్ పిల్ల. వాళ్ళది గుంటూరు వైపు, నాన్న లారీల ఆఫీసులో పనిచేస్తాడు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. చెమట కూడా సరిగా పట్టలేదు. నా దగ్గరికి వచ్చి, "అక్కా, మీ వెనకాలే ఉన్నానండీ మొత్తం. అసలు కష్టమే అనిపించలేదు. థాంక్సండీ" అంది. వెటకారం కాదు, పిచ్చిది, నిజంగానే థాంక్స్ చెప్పింది. నాకు ఏడుపు ముంచుకొచ్చి నీళ్ళ సీసా వెతుకుతున్నట్టు వంగాను.

ఇక చీఫ్ గెస్టు. మేమంతా మెడలు వేలాడేసుకుని షామియానా కింద కూర్చున్నాం, ఆయన రాడు. వస్తున్నాడు, బయలుదేరాడు, దారిలో ఉన్నాడు. ఆయన వచ్చేలోపు మేము గుట్ట ఎక్కి దిగి, ఇళ్ళకు వెళ్ళి తలంట్లు పోసుకుని కూడా రావొచ్చు. వచ్చాక, కమిటీ వాళ్ళు ఒకరికొకరు శాలువలు కప్పుకున్నారు. ఫొటో నిజంగానే మంచిగొచ్చింది. నేను కొట్లో కూర్చున్నాను.

రెండు నెలలకు జాతీయ పోటీ. వేరే రాష్ట్రంలో, కొండ దారిలో. ఆ సాయంత్రం కస్టమర్‌కు ముదురాకుపచ్చ లైనింగ్ చూపిస్తుంటే ఎల్బీనగర్ పిల్ల ఫోన్. ఏడుస్తోంది.

"అక్కా, మొదటి ఎత్తులోనే దిగిపోయానక్కా. సైకిల్ తోసుకుంటూ నడిచాను. పక్కన జనం వీడియోలు తీశారు. మన వాళ్ళు ఒక్కళ్ళు కూడా పూర్తి చేయలేదు. అక్కడ అంత కొండ ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదండీ."

ఓదార్చాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఉన్న మాట చెప్పాలంటే, కడుపు చల్లబడింది. చూశారా, నేను చెప్పలేదా అని గోడలకు చెప్పుకున్నాను. ఇక కమిటీ వాళ్ళకు బుద్ధొస్తుందనీ, వచ్చే ఏడు గుట్ట పెట్టక తప్పదనీ అనుకున్నాను. అమ్మతోనూ అదే అన్నాను. పికో మిషన్ ఆపి, "పెడ్తే పో. ఇంకొక్కపారి. పెట్టకుంటె మాత్రం ఆ సైకిల్ ఎవలకన్న ఇచ్చెయ్యి, నీ పానం సుత నిమ్మలమైతది" అంది.

మళ్ళీ ఏడు మీటింగ్‌కు ఆ పిల్లను కూడా రమ్మన్నాను. అది నోరు తెరిస్తే చాలనుకున్నాను. కొండ దారిలో నడిచొచ్చిన పిల్ల చెబితే కాదనేది ఎవరు? అదే మేడ, అదే దోశ. నేను లేచి, ఈసారి ఆడవాళ్ళకు గుట్ట పెట్టమన్నాను.

సెక్రటరీ సార్ నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "ఇంక గుట్టలేందమ్మా? నేషనల్స్‌ల ఏమైందో చూడలే? మన పిల్లలతోని అయ్యే పని కాదు. గందుకే ఈసారి నాలుగు రౌండ్లు మూడు చేస్తున్నం."

అర్థమైందా? గుట్ట నేర్పకుండా పంపారు. పోయి పడ్డారు. పడ్డారు కాబట్టి ఇక అసలే నేర్పరట. "నువ్వన్న చెప్పు" అని ఆ పిల్ల వైపు తిరిగాను.

అది చెంచాతో సాంబారు కలుపుతోంది. తల ఎత్తలేదు. "చదునుగా ఉంటేనే బాగుంటుందండి సార్. గుట్ట మీద ఎవరైనా పడితే బాధ్యత ఎవరిది?" అంది.

నేను బయటికి వచ్చేశాను. మెట్లు దిగేలోపు అది వెనకే పరిగెత్తుకొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. నా చెయ్యి పట్టుకుంది.

"కోప్పడకండక్కా. గుట్ట పెడితే మీరు గెలుస్తారు. నేను టీంలో ఉండను."

"అక్కడికి పోయినంక? అక్కడ మల్ల కొండ ఉంటది గద. అప్పుడేం చేస్తవే?"

"దిగి తోస్తానక్కా," అంది. "జెర్సీ మీద రాష్ట్రం పేరు రాస్తారు. దిగి తోసిందని రాయరుగా."