లాగే పైపు

మా ఆవిడ తోలడం వల్లే బండి వేడెక్కుతోందని ఊళ్ళో అందరూ నమ్మారు. అందరికన్నా ముందు నమ్మినవాణ్ణి నేను.

మాది సోమల పక్కన ఒక పల్లె. కూలికి పోయే ఇంట్లో పుట్టి, చదువుకొని, కుప్పంలో గుమాస్తా ఉద్యోగం తెచ్చుకున్నాను. వారమంతా అక్కడే ఉండి శనివారం ఇల్లు చేరతాను. టమోటా తోట, పాత పికప్ బండి, రెండూ ఆమె చేతిలోనే ఉంటాయి. మా కాయలతో పాటు చుట్టుపక్కల వాళ్ళ బాక్సులు కూడా ఎక్కించుకొని పొద్దున్నే మదనపల్లె మార్కెట్టుకు తోలుతుంది. కిక్కిరిసిన యార్డులో రెండు లారీల సందున బండిని వెనక్కి పెట్టే నేర్పు నాకు ఈ జన్మకు రాదు. రాదని ఒప్పుకోవడానికే చాలా ఏళ్ళు పట్టింది.

ఈ ఎండాకాలంలో బండికి ఒక జబ్బు పట్టుకుంది. ఖాళీగా పోతే ఏమీ లేదు. లోడుతో పుంగనూరు దాటి మిట్ట ఎక్కేటప్పుడు మాత్రం టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పోయేది. ఆమె పక్కకు తీసి, ఇంజను ఆపి, రేడియేటర్ మూత ముట్టకుండా చల్లారేదాకా కూర్చునేది. అప్పటికి యార్డులో వేలం సగం అయిపోయేది. బాక్సులు పంపేవాళ్ళు వేరే బండ్లు వెతుక్కోసాగారు.

పుంగనూరులో మాకు తెలిసిన మెకానిక్ భాయ్ చేయి తిరిగినవాడు. రేడియేటర్ కడిగాడు, ఫ్యాన్ బెల్టు మార్చాడు. అయినా తగ్గలేదు. ఒక శనివారం ఇద్దరం మళ్ళీ పోతే, "ఇంక ఇంజన్ ఇప్పల్ల సార్" అన్నాడు. పక్కనే నిలబడిన ఆమెను చూసి, "అమ్మ మిట్ట మీద రేసు జాస్తి ఇస్తాది. అట్లయితే ఏ బండైనా కాగుతాది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చాక, సోమవారం నుంచి డ్రైవర్ను పెడుతున్నానని చెప్పేశాను. "ఆ అబ్బి తోలినా కాగితే?" అని ఒక్క మాట అడిగింది. వింటే కదా! నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆదివారం పొద్దున తోటలో నీటిగుంట దగ్గర మోటారు బిగిస్తుంటే ఆమె వచ్చింది. "ఈ పక్క పైపు యాల ఇంత గట్టిగా ఉండాది? ఆ పక్కది గుడ్డ మాదిరి ఉండాదే" అంది. తెలిసే అడుగుతోందని నాకు తట్టలేదు. "లాగే పైపు మెత్తగా ఉంటే పీల్చుకొని అతుక్కుపోతాది. తోసే పైపు ఎట్లున్నా పరవాలేదు" అని పంతులులా పాఠం చెప్పాను.

"సరే. బండిలో నీళ్ళు లాగే పైపు యాది?"

నా చేతిలో స్పానర్ అలాగే ఆగిపోయింది. రేడియేటర్ అడుగు నుంచి ఇంజను పంపుకు పోయే రబ్బరు పైపు అది. ఇద్దరం బండి దగ్గరికి వెళ్ళాం. నన్ను సీట్లో కూర్చోబెట్టి, "మిట్ట మీద ఇచ్చేంత రేసు ఇయ్యి" అని తను బండి ముందుకు పోయి కిందికి వంగి చూసింది. తర్వాత "దిగి నువ్వే సూడప్పా" అంటూ తను ఎక్కింది. రేసు పెరిగేకొద్దీ ఆ పైపు బీడీ పీల్చే తాత బుగ్గల్లా లోపలికి పోయింది. ఇక నీళ్ళకు దారి ఎక్కడిది? కాలు తీయగానే మళ్ళీ మామూలైపోయింది. రేసు ఇవ్వకుండా చూసేవాళ్ళకు అది మంచి పైపే.

ఆ పైపు వేసింది నేనే. ఎండలు మొదలయ్యేటప్పుడు పాతది కారుతోందని కుప్పంలో కొత్తది కొనుక్కొచ్చాను. పాతదాని లోపల తుప్పు పట్టిన స్ప్రింగు ఉంటే చెత్త అనుకొని పారేశాను. పైపు అతుక్కుపోకుండా పట్టి ఉంచేదే ఆ స్ప్రింగు. ఆ సంగతి చెబితే ఆమె "పద, భాయ్ కాడికి పోదాం" అంది. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి అరవడానికి నాకు వీలుండేది.

భాయ్ శుక్రవారం తప్ప షెడ్డు మూయడు. ఆ మధ్యాహ్నమే లోపల స్ప్రింగు పెట్టి గట్టి పైపు బిగించాడు. "భలే కనిపెట్టినావు సార్!" అన్నాడు. "నేను కాదు భాయ్, ఆమె" అన్నాను. చేతులు తుడుచుకొని ఆమె వైపు తిరిగాడు. "రేసు ఇచ్చి కింద సూసుండల్ల అమ్మా. సూళ్ళేదు. తప్పు నాదే." అంత సులువుగా అనేశాడు. అతని మీద గౌరవం కలిగింది, కొంచెం కడుపుమంట కూడా.

సోమవారం నేను సెలవు పెట్టాను. బాక్సులు ఎక్కిస్తుండగా నేను రమ్మన్న డ్రైవర్ వచ్చాడు. "ఏమీ అనుకోవద్దప్పా. నా భార్యే తోలుతాది. ఆమెకన్నా బాగా తోలేవాళ్ళు ఈ పక్కన యాడా లేరు" అని పంపేశాను. మెప్పు కోసం అన్న మాట కాదు, మనసులోంచి వచ్చింది.

నిండు లోడుతో మిట్ట ఎక్కాం. సగం పైకి పోయినా ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది:

"పొద్దున డ్రైవర్తో అన్న మాట, శనివారం షెడ్డు కాడ భాయ్ నవ్వినప్పుడే అనుండచ్చు కదా."

"అనుండల్ల. తప్పు నాదే" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెతో ఆ మాట అనడం అదే మొదటిసారి.