ఫ్యాను శ్రుతికి పాడిన టీచరమ్మ

మా పక్కింటి టీచరమ్మ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. ఆ కబురు ఆమె ఇంటాయన, మా వాడంతటికీ సారు, ఫోన్ చేసి చెప్పాడు. గోడకు అవతల ఉండే మనిషి ఫోన్ చేశాడంటేనే నాకు సంగతి సగం అర్థమైంది. ఇన్నేళ్లలో ఏం కావాలన్నా ఆ గోడ మీది నుంచి పిలవడమే తప్ప మా మధ్య ఫోన్ల ముచ్చట లేదు.

"పటేలా, టీచరమ్మ పోయింది" అన్నాడు. తర్వాత, "ఆమె పాట పట్టుకొని రాండ్రి" అన్నాడు.

చావింటికి ఎవరైనా పూలదండ పట్టుకుని పోతారు. నన్ను పాట పట్టుకుని రమ్మన్నారు. ఆమె పాట నా దగ్గర ఎందుకుందో చెప్పాలంటే నా కంప్యూటర్ గురించి చెప్పాలి. కంప్యూటర్ గురించి చెప్పాలంటే దాని ఫ్యాన్ల గురించి చెప్పాలి. చావు కబురుతో మొదలుపెట్టి ఫ్యాన్లలో పడ్డాడేమిటని మీకనిపిస్తే తప్పు మీది కాదు, మీకు టీచరమ్మ తెలియదు. ఆమె ఇక్కడ కూర్చుని ఉంటే ముందు ఫ్యాన్ల సంగతే చెప్పమనేది.

మెదక్‌లో పెద్ద చర్చికి పోయే తోవలో మా ఇల్లు. ముందర గదిలో నా దుకాణం. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, దరఖాస్తులు. మాది కుల్చారం దిక్కు వ్యవసాయపు కుటుంబం, అందుకే వాడలో నన్ను పటేలా అంటారు. పొలం తమ్ముడికి వదిలేసి నేను కీబోర్డు పట్టుకున్నాను. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు. చెడగొట్టి, బాగుచేసుకుని నేర్చుకున్నాను. అందులో మొదటి సగం నాకు చాలా బాగా వచ్చు.

టీచరమ్మ మిషన్ బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. దాంతోపాటు చర్చిలో పాటల బృందానికి పెద్ద దిక్కు. సన్నటి మనిషి, తెల్ల చీర, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. చేతిలో పని లేకపోతే వేళ్లతో ఒళ్లోనే తాళం వేస్తుండేది. పిల్లలకు పాట నేర్పేటప్పుడు ఆమెది ఒకటే మాట: "ముందు విను. తర్వాత నోరు తెరువు." హార్మోనియం మీద శ్రుతి నొక్కి పట్టుకుని, గదిలో అందరి చెవులూ ఆ శ్రుతిలో కూర్చునేదాకా ఎవరినీ నోరెత్తనిచ్చేది కాదు. ఆ మాట పాటల వరకే అనుకునేరు. కూరగాయల బండివాడితో అదే, కరెంటు మీటరు చూసే ఆయనతో అదే, మా ఇంట్లో మొగుడూ పెళ్లాం వాదించుకుంటే గోడ మీది నుంచి అదే. మా ఆవిడ ఈ మాటను నా మీద ఇప్పటికీ వాడుతుంది.

కొన్నేళ్ల కింద టీచరమ్మ గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో చూపిస్తే ఆపరేషన్ తప్పదన్నారు. మాట వస్తుంది గానీ పాట మీద ఆశ పెట్టుకోవద్దన్నారట. ఆ వేసవి గడిచాక చేస్తామన్నారు. తిరిగొచ్చిన మర్నాడే ఆమె నా దుకాణం మెట్లెక్కింది.

"పటేలా, నా పాటలు నీ మిషిన్ల వెట్టాలె."

ఏం పాటలని అడిగాను.

"పాత బాణీలు. పుస్తకంల మాటలే ఉంటయి. బాణీ మా అమ్మ నా గొంతుల వెట్టి పోయింది. గిప్పుడు గొంతు పోతే గా బాణీ గూడ పోతది."

బృందంలో పిల్లలున్నారు కదా, కీబోర్డు వాయించే అబ్బాయి కూడా ఉన్నాడు కదా అన్నాను. వాళ్ల మీద ఆమెకు ఫిర్యాదేమీ లేదు. "మంచిగనే పాడ్తరు. జర ఉరుకుతరు, గంతే" అన్నది.

ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు కదా అని మీరంటారు. చేశారు. సారే చేశాడు. ఆమె రెండు పాటలు పాడాక ఆపబోయి మొత్తం చెరిపేశాడు. అప్పటినుంచి ఆమెకు ఫోన్ మీద నమ్మకం పోయింది. సారు మీద కూడా కొంత పోయింది, కానీ ఆ మాట పైకి అనలేదు.

మైకు ఒకటి తెప్పించాను. షట్టరు దించాం, ఆటోల చప్పుడు రాకుండా. పైన తిరిగే ఫ్యాను ఆపేశాం. ఎండాకాలం మెదక్‌లో షట్టరు దించి ఫ్యాను ఆపుకున్న గది ఎట్లా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మనుషులకు గాలి లేదు. కంప్యూటర్‌కు మాత్రం మూడు ఫ్యాన్లు, మూడూ తిరుగుతున్నాయి.

"మనమేమో చెమటల నానవడ్తిమి, నీ మిషినేమో దొరలెక్క గాలి వోసుకుంటుంది" అని నవ్వింది. తర్వాత కళ్లు మూసుకుని పాడింది. ఆ రోజు దాకా ఆమె పాట గోడ అవతలి నుంచి వినడమే. ఎదురుగా కూర్చుని వినడం అదే మొదలు. నేను చర్చికి పోయే మనిషిని కాదు, ఏడుపాయల దుర్గమ్మ జాతరకు పోయేవాణ్ని. అయినా చేతులు వాటంతటవే ఒళ్లోకి వచ్చి కూర్చున్నాయి.

పాట అయ్యాక పెట్టి విన్నాం. వెనకాల బియ్యం మిల్లు నడుస్తున్నట్టు ఒకటే హోరు. ఆమె పట్టించుకున్నది అది కాదు. ముఖం వాడిపోయింది. ఒకచోట మొదలుపెట్టిన శ్రుతి పాట ముగిసేసరికి పైకి పోయిందట. నాకేమీ తెలియలేదు, ఆమె చెప్పాక కూడా తెలియలేదు. మళ్లీ పాడింది. మళ్లీ అంతే. మూడోసారి పాడలేదు. మైకు వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"నేనెన్నడు శ్రుతి ఇడిశిపెట్టలే పటేలా. గొంతు గప్పుడే పోతుందా?"

మంచినీళ్లు ఇచ్చాను. ఆమె తాగకుండానే ఇంటికి పోయింది.

మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. వెనకాల సారు హార్మోనియం మోసుకుంటూ. కంప్యూటర్ పక్కనే దాన్ని పెట్టించి, నన్ను యంత్రం ఆన్ చేయమన్నది. ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ ఒక్కొక్క మెట్టు నొక్కుతూ పోయింది. ఒకచోట ఆగింది. హార్మోనియం చప్పుడూ ఫ్యాను చప్పుడూ కలిసి ఒకటే అయిపోయాయి. ఏది ఏదో నాకు తెలియలేదు. అట్లాగే పట్టుకుని కూర్చుంది. యంత్రం వేడెక్కిన కొద్దీ రెండూ విడిపోయాయి, గదిలో ఏదో వణికినట్టయింది. ఆమె పైమెట్టు నొక్కింది. మళ్లీ కలిసిపోయాయి.

"నా గొంతు గాదు" అన్నది. ముఖమంతా వెలిగిపోయింది. "నీ మిషినే ఎక్కుతుంది పటేలా. నేను దాని ఎంబడి వోయిన."

జీవితమంతా ముందు విని తర్వాత నోరు తెరిచిన మనిషి. ఆ గదిలో వినబడుతున్న శ్రుతి నా ఫ్యానుది. దాన్నే నమ్మి దాని వెంబడి పోయింది. నాలాంటివాడు పాడి ఉంటే ఫ్యానుకూ పాటకూ సంబంధమే ఉండేది కాదు.

ఇక్కడ మా నాయన ఇంజన్ గురించి ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడు మా బావి మీద ఆయిల్ ఇంజన్ ఉండేది. బడిలో కూర్చున్నా దాని టకటక వినబడేది. ఆ చప్పుడు వినబడుతున్నంత సేపు మడికి నీళ్లు పారుతున్నట్టు, అంతా బాగున్నట్టు. చప్పుడు ఆగితే అందరం గాబరాగా లేచేవాళ్లం. అందుకే నా లెక్కలో చప్పుడంటే పని జరుగుతుండడం. దుకాణంలో కంప్యూటర్ హోరు పెడుతుంటే అది నాకోసం కష్టపడుతోందని నిశ్చింతగా ఉండేవాణ్ని. చప్పుడు లేకుండా కూడా పని జరుగుతుందని నాకు నేర్పింది టీచరమ్మే.

వెంటనే నేర్చుకున్నానని కాదు. మొదట నాకు తోచిన వైద్యం చేశాను. కంప్యూటర్ డబ్బా తెరిచి ప్రాసెసర్ మీది ఫ్యాను తీగ పీకేశాను. ఆన్ చేయగానే తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. హెచ్చరికలు చదివే అలవాటు నాకు లేదు, దాటేసే బటన్ నొక్కాను. గది చల్లబడినట్టు నిశ్శబ్దం. టీచరమ్మ ఎంతో ఇష్టంగా పాట అందుకుంది. రెండో చరణంలో ఉండగా తెర నల్లబడింది. ఉడుకెక్కి యంత్రం తనంతట తానే ఆరిపోయింది, పాట కూడా దాంతోపాటే పోయింది.

నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె తిట్టలేదు. పాటల పిల్లలకు చెప్పినట్టే చెప్పింది.

"ఊపిరి ఆపితె చప్పుడు రాదు, పాణం గూడ ఉండది. ఎగవోయొద్దు అని చెప్పు దానికి. మెల్లగ, నిండ తీస్కొమ్మను."

మాట బాగానే ఉంది, యంత్రానికి చెప్పడమెట్లా? ఆ రాత్రికి కాదు గానీ మర్నాడు దుకాణం మూసి వీడియోలు చూస్తూ కూర్చున్నాను. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు డిలీట్ బటన్ నొక్కి పట్టుకుంటే ఒక లోపలి గది తెరుచుకుంటుందని అప్పుడు తెలిసింది. అందులో ఫ్యాన్ల పేజీ ఉంది. ఎంత వేడికి ఎంత వేగం అనేది ఒక గీతలా గీసి ఉంది. నా యంత్రంలో ఆ గీత కొంచెం వేడి తగలగానే నిచ్చెన ఎక్కినట్టు నిలువునా లేచింది. దాన్ని కిందికి లాగి ఏటవాలుగా పరిచాను. వేడి బాగా పెరిగితే తప్ప వేగం పెరగొద్దు, పెరిగినా ఒక్కసారిగా ఉలిక్కిపడొద్దు, నిదానంగా ఎక్కాలి అని పెట్టాను.

ఆపైన వేడి తగ్గించే పని. డబ్బాలో నుంచి తీసిన దుమ్ముతో దిండు కుట్టించవచ్చు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడి లాగే పేస్టు తుడిచి కొత్తది రాశాను. వెనకాల గిర్రున తిరిగే చిన్న ఫ్యాను తీసేసి, మెల్లగా తిరిగి అంతే గాలి లాగే పెద్దది బిగించాను. మెల్లగా, నిండుగా తీసుకోమని ఆమె అన్నది ఇదే కదా అనుకున్నాను. అయినా ఏదో గరగర మిగిలింది. ఫ్యాను వణుకు డబ్బా రేకుకు పాకుతోంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి స్క్రూల కింద పెట్టాను. గరగర పోయింది. పాడే సమయంలో పెళ్లి కార్డుల ఫైళ్లన్నీ మూసేయమన్నది మాత్రం టీచరమ్మే. "లగ్గాలు తర్వాత, ముందు పాట" అన్నది.

హార్మోనియం మళ్లీ వచ్చింది. పరీక్ష అన్నమాట. ఆమె కిందిమెట్టు నుంచి పైమెట్టు దాకా నొక్కుతూ పోయింది. ఫ్యాను చప్పుడు ఏ మెట్టుతోనూ కలవలేదు, ఆమె ఎక్కడా ఆగలేదు. తర్వాత లేచి, డబ్బా వెనక్కి పోయి, జ్వరం ఉందేమోనని పిల్లల నుదురు చూసినట్టు అరచెయ్యి పెట్టింది.

"మెల్లగ తీస్కుంటుంది. గిప్పుడు నేను పాడ్త" అన్నది.

ఎండలు తగ్గేదాకా పాడింది. కొన్ని పాటలు ఒకేసారికి, కొన్ని పదిసార్లకు. గొంతు నొప్పిగా ఉన్న రోజు వచ్చి ఊరికే కూర్చుని నా అక్షర దోషాలు దిద్దిపోయేది. హైదరాబాద్ పోయే ముందర చివరి పాట అయింది. పాటకూ పాటకూ నడుమ ఆమె లవంగం కొరికిన చప్పుడు కూడా అందులో వినబడుతుంది. గది అంత నిశ్శబ్దమైంది. ఫ్యాను వెంబడి పోయిన ఆ మొదటి పాట చెరిపేద్దామని నేనంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ పటేలా. గా పాట నీ మిషిను, నేను కల్సి పాడినం."

డాక్టర్లు చెప్పినట్టే అయింది. మాట వచ్చింది, అదీ గుసగుసగానే. పాట రాలేదు. ఆమె దుఃఖపడలేదని అబద్ధం చెప్పను. గోడ అవతల ఆ ఏడాదంతా పొద్దున పూట ఎంత వెలితిగా ఉండేదో మా ఇద్దరిళ్లకూ తెలుసు. కానీ ఆదివారాలు పాటల పిల్లలు నా దుకాణానికి రావడం మొదలైంది. కీబోర్డు వాయించే అబ్బాయి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేవాడు. టీచరమ్మ పక్కన కూర్చుని, వాడు ఉరికిన చోట టేబుల్ మీద వేలితో కొట్టేది. వాడు ఆగేవాడు. పోయేటప్పుడు ఆమె మరచిపోకుండా డబ్బా వెనకాల అరచెయ్యి పెట్టి చూసి, తల ఊపి పోయేది.

ఆమె పోయిన మంగళవారం సాయంత్రమే సమాధుల దగ్గర స్పీకరు పెట్టి ఆమె పాట వినిపించాను. మొదటి చరణం ఎవరూ నోరెత్తలేదు. రెండో చరణానికి పిల్లలు అందుకున్నారు, ఆమె శ్రుతిలోనే, ఆమె నడకలోనే. ఒక్కరూ ఉరకలేదు. సారు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత నా చెవిలో, "గా మొదటిది గూడ ఉన్నదా?" అని అడిగాడు. ఉందన్నాను. "భద్రంగ పెట్టుండ్రి" అన్నాడు.

ఇంటికొచ్చి షట్టరు దించుకుని ఆ మొదటి పాట పెట్టుకున్నాను. పాత ఫ్యాను హోరు, దాని నడుమ టీచరమ్మ. అది ఎక్కిన కొద్దీ ఆమె ఎక్కుతూ పోయింది. ఈసారి నాకు కూడా తెలిసింది, ఎక్కడ కదిలిందో, ఎక్కడ ఆమె దాని వెంబడి అడుగేసిందో. పాట అయిపోయింది. గదిలో ఏ చప్పుడూ లేదు. నా కంప్యూటర్ నడుస్తోందో ఆగిపోయిందో తెలియలేదు. లేచి వెనక్కి పోయి అరచెయ్యి పెట్టాను. గోరువెచ్చని గాలి, మెల్లగా, నిండుగా, నా చేతికి తగులుతూ ఉంది.