లామినేషన్ చేసిన షేర్ కాగితం

మీరు ఫోన్‌లో ఏమడిగినా మీ తాత "ఆఁ, ఆఁ" అంటాడని నవ్వుకునేవాళ్లు కదా. పాపం, వినబడక అలా అనేవాడు. చెవి మిషన్ కొందామంటే "షేర్ల పైసలు రానీ" అని రెండేళ్లు ఆపాడు. ఆ షేర్ల సంగతి చెప్తాను, నా కోపం ఇంకా పూర్తిగా దిగలేదు కాబట్టి.

తాత నాచారంలో పంపులు చేసే కంపెనీలో ఫిట్టర్‌గా ఉన్నప్పుడు, కొత్త షెడ్డు కోసం యజమాని పాత పనివాళ్ల దగ్గర డబ్బు తీసుకుని రిడీమబుల్ షేర్లు ఇచ్చాడు. వాటి మీద ఏటా ఇంతని డివిడెండ్ వస్తుంది. పదేళ్లు నిండాక కంపెనీయే ఆ షేర్లు వెనక్కి తీసుకుని, మనం పెట్టిన సొమ్ము మనకిస్తుంది. కొనేవాడి కోసం మనం వెతుక్కోనక్కర్లేదు. ఏర్పాటు మంచిదే. చేతికి ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

అదే సాయంత్రం మీ తాత దాన్ని ఉప్పల్‌లో జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి లామినేషన్ చేయించాడు. మా ఇంట్లో రేషన్ కార్డు నుంచి కుక్కర్ గ్యారంటీ కార్డు దాకా అన్నీ ప్లాస్టిక్‌లోనే ఉంటాయి.

పదేళ్లయ్యాక కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, అసలు సర్టిఫికెట్ తెచ్చివ్వమని. ఇద్దరం ఆటోలో వెళ్లాం. ఆఫీసులో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మా, పైసలిచ్చినంక ఈ షేర్లు ఇంక లేనట్టే. దీనిమీద రద్దు ముద్ర కొట్టాలె. ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదు. అది తీసి పట్కరాన్రి."

తాత "ఆఁ, ఆఁ" అన్నాడు. బయటికొచ్చాక ఆయన చెవి దగ్గర నోరు పెట్టి రెండుసార్లు చెప్పాను.

మర్నాడు పొద్దున నేను కూరగాయలకు వెళ్లొచ్చేసరికి సర్టిఫికెట్ మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె తిప్పుతున్నాడు. ప్లాస్టిక్ ఊడింది. దానితోపాటు షేర్ నంబరూ, సంతకమూ ఊడాయి.

"ఎవలు జెయ్యమన్నరయ్యా నిన్ను?"

"నువ్వే గద తియ్యాలంటివి."

"షాపుల అడుగుదమంటి, ఇస్త్రీ జెయ్యమన్ననా?"

ముక్కలు కవర్లో వేసుకుని మళ్లీ నాచారం. ఈసారి అకౌంటెంట్ దగ్గర కూర్చోబెట్టారు. తాతతో పాటే పనిలో చేరినవాడు.

"వదినా, ఇది అప్పు గాదు, వడ్డీకిచ్చినోడి లెక్క మెడమీద గూసోని వసూలు జేస్కోనీకి. లాభంలకెల్లి ఇయ్యాలె, లేకుంటే కొత్త షేర్లు అమ్మి ఇయ్యాలె. ఈ ఏడు లాభం పక్కకు పెట్టినం, ఫికర్ లేదు. కానీ కాగితం సక్కగ లేకుంట ఇస్తే, రేపు ఇంకెవలన్న వచ్చి ఆ షేర్లు నావంటే?"

"మరి ఏం జెయ్యాలె?"

"స్టాంప్ పేపర్ మీద హామీ రాసియ్యున్రి, ఇద్దరు సాక్షులు. డైరెక్టర్ల మీటింగుల ఒప్పుకుంటరు."

"మీటింగ్ ఎప్పుడు?"

"మూడు నెల్లకొకసారి. మొన్ననే అయింది." నా ముఖం చూసి మెల్లగా అన్నాడు, "అన్న ఒక్కడే గాదు వదినా, ఇంకా నలుగురు గిట్లనే లామినేషన్ చేపిచ్చిన్రు."

ఆ నలుగురి భార్యలూ గుర్తొచ్చారు నాకు.

మూడు నెలలు అరిచాను. పాలొచ్చాయని, గ్యాసొచ్చిందని, స్నానానికి నీళ్లు తోడానని. గట్టిగా మాట్లాడటం నాకు పుట్టుకతో రాదు, మీకు తెలుసు. సాయంత్రానికి గొంతు పోయేది. ఆయనేమో మీ ఫోన్ రాగానే తీసుకుని "ఆఁ, ఆఁ" అని నాకిచ్చేసేవాడు.

చివరికి డబ్బు బ్యాంకులో పడింది. మర్నాడే అంబర్‌పేట్ తీసుకెళ్లి మిషన్ పెట్టించాను.

పోయిన ఆదివారం మీలో చిన్నది "తాతా, ఏం తిన్నవ్?" అని అడిగింది. "పప్పుచారు. ఉప్పు జర ఎక్కువైంది," అన్నాడు. ఆ మాటకు నాకు కోపం రావాలి. వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడి, ఆయన మీతో మాట్లాడుతుంటే విన్నాను.