నీళ్ళు లేని నదిలో భోజనం

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. పాస్‌పోర్టు దరఖాస్తులో కూడా నా ఎత్తుకి ఒక అంగుళం కలిపినవాణ్ణి. కాబట్టి ఇందులోంచి మీకు తోచినంత తీసేసుకుని చదవండి. భయాన్ని మాత్రం తీయకండి, అది అసలు తూకమే.

మొన్న ఆదివారం వెల్లింగ్టన్‌లో ఉరిమింది. ఈ ఊళ్ళో గాలికి కొదవలేదు, మా వీధిలో మాకంటే చెత్తడబ్బాలే ఎక్కువ వాకింగ్ చేస్తాయి. ఉరుము మాత్రం చుట్టపుచూపుగా వస్తుంది. అందుకే ఎదురింట్లో ఇక్కడే పుట్టి పెరిగిన కివీ దంపతులు టీ కప్పులు పట్టుకుని ఇంటిముందు చెక్క డెక్ మీదికొచ్చి సరదాగా ఆకాశం చూశారు. మా ఇంట్లో మామగారు సగం ఉప్మా వదిలేసి, మోకాళ్ళ నొప్పి కూడా మరిచి, మెట్లెక్కి పై గదిలో కూర్చున్నారు. ఏమీ అడక్కుండా మా ఆవిడ కూడా నాన్న వెనకే వెళ్ళింది.

కారణం ఇక్కడిది కాదు. కొన్నేళ్ళ క్రితం ఆయన, “ఒకసారి నిఖార్సైన ఎండ చూపియ్యి అల్లుడూ. ఈడ సూర్యుడు ఫ్రిజ్జులో బల్బు మాదిరుండాడు” అన్నారు. క్రిస్మస్ సెలవుల్లో ఆస్ట్రేలియా నడిమధ్య ఎర్ర ఎడారికి టిక్కెట్లు చవగ్గా దొరికాయి. ఎందుకు చవకో విమానం తలుపు తెరవగానే తెలిసింది. కారు తలుపు పట్టుకుంటే నా అరచేతిలో ఆయుష్షు రేఖ కాలి సగమైంది. ఈగలు నీడ కోసం నా చెవుల్లో దూరాయి. అనంతపురంలో పుట్టిన మామగారొక్కరే ఆ వేడిలో పెళ్ళికొడుకులా నడిచారు. మేం దిగిన మోటెల్ నడిపే ఆవిడ హెచ్చరించింది కూడా: ఉత్తరాన వానాకాలం మొదలైంది, మధ్యాహ్నం దాటితే ఉరుములొస్తాయి, నదుల జోలికి పోకండి అని. మేం నవ్వుకున్నాం. అక్కడ నదుల్లో కన్నీటి చుక్కంత తడి కూడా లేదు.

ఆ మధ్యాహ్నం మాకు కనిపించిన నీడంతా నదిలోనే ఉంది. తెల్లటి ఇసక, దాని మధ్య బూడిదరంగు మానులతో పెద్ద పెద్ద చెట్లు. మాది గోదావరి జిల్లా, నదంటే నీళ్ళుంటాయని నమ్మే జాతి. కారు గట్టుమీద ఆపి, “మామయ్యగారూ, ఇది నది కదా” అని నసిగాను. “నదే. అయితే ఏమి? పెన్న గూడా నదే. దాంట్లో మేం పెండ్లిండ్లు చేసినాం” అంటూ ఆయన చాప చంకన పెట్టుకుని దిగిపోయారు. ఇసక కనిపిస్తే చాప పరచడం ఆయన రక్తంలో ఉంది. పులిహోర తిన్నాం, పెరుగన్నం తిన్నాం. ఆయన చెప్పులు విప్పి పడుకున్నారు. ఉత్తరాన ఆకాశం అంచున నల్లటి మేఘం, అందులో చప్పుడు లేని మెరుపులు. మా నెత్తిన మాత్రం ఎండ.

ఉన్నట్టుండి మా ఆవిడ అరచేయి ఇసకమీద ఆనించింది. “కింద కదుల్తోంది” అంది. వెల్లింగ్టన్‌లో ఏటేటా మాకు నేర్పేది ఇదే: నేల చాలాసేపు కదిలితే సైరన్ కోసం చూడకు, సునామీ రావచ్చు, ఎత్తుకు పరిగెత్తు.

“లేయ్ నాన్నా, భూకంపం! పైకెక్కల్ల!”

“ఈడ సముద్రం యాడుందే? విమానంలో పోయినా ఒక పూట పడుతుంది.”

“ఉన్నా లేకున్నా లేయ్!”

“చెప్పులన్నా ఏసుకోనీ.”

“చెప్పులొద్దు!”

నేను క్యారియర్ మూత వెతుకుతున్నాను, సిగ్గులేకుండా. అప్పుడు చెట్లమీది తెల్ల చిలకలన్నీ ఒక్కసారి లేచాయి. వాటి అరుపుల వెనక ఇంకో చప్పుడు, లారీలోంచి కంకర దించుతున్నట్టు. ఆగకుండా దించుతున్నట్టు. చల్లటి గాలి వచ్చి తడిమట్టి వాసన కొట్టింది. వాన పడని చోట ఆ వాసన రావడంతో నాకు ప్రాణం పోయినంత పనైంది.

తాటిచెట్టంత అల వచ్చిందని రాయడానికి చేయి లాగుతోంది. ఇక్కడ మాత్రం ఏమీ కలపను. నేల కదిలింది భూకంపానికి కాదు, ఎగువన కురిసిన వాన వరదకి. మలుపు తిరిగి ముందుగా వచ్చింది చీలమండ ఎత్తు నురుగు. ఎండుపుల్లలు తోసుకుంటూ, చిందిన టీలాగా, తొందర లేకుండా వచ్చింది. మేం గట్టు మొదటికి చేరేసరికి మోకాలి లోతు. గట్టు నిటారుగా ఉంది. మా ఆవిడ పైకెక్కి నాన్న చేయి అందుకుంది, నేను కింద నుంచి తోశాను. అప్పటికి నీళ్ళు నా తొడలు దాటాయి. కొట్టుకొచ్చిన దుంగ ఒకటి నా నడుముకు తగిలింది. ఆయన చేయి ఆమె చేతిలోంచి జారింది. ఆయన బురదలో చతికిలబడి, ఎవరినో బస్సెక్కిస్తున్నంత మామూలుగా, “మీరు పోండి. నేను నిదానంగా వస్తా” అన్నారు.

ఆ నిదానంలోనే నాకు తెలిసింది. ఇక ఎక్కలేనని ఆయనకు అర్థమైపోయింది.

“నువ్వు రాకుంటే నేనూ దిగుతా” అంది మా ఆవిడ. అనడమే కాదు, ఒక కాలు నీళ్ళలోకి దించింది. ఆ కాలు చూసి ఆయన లేచారు. ఎలా లేచారో ఆ మోకాళ్ళకే తెలియాలి. పైకి చేరి వెనక్కి చూస్తే చాప లేదు, క్యారియర్ లేదు, ఇసక లేదు. మేం కూర్చున్న చెట్టు మొదలు మునిగి కొమ్మలు ఊగుతున్నాయి. ఇంతలో మేఘం మా నెత్తికే వచ్చింది. దగ్గర్లోనే పిడుగు పడితే పరుగున కారెక్కి తలుపులేసుకున్నాం.

ఇక్కడి మిత్రుల ఇళ్ళలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో. చివర్లో మామగారు కారులో తల తుడుచుకుంటూ, “పెరుగన్నం మిగిలిందేమో చూడు అల్లుడూ” అన్నారని చెప్పగానే అందరూ విరగబడి నవ్వుతారు.

ఆ మాట ఆయన అనలేదు. అది నా కల్పన. ఎండనూ ఈగలనూ సాగదీశానంతే, లేనిది పుట్టించింది అదొక్కటే. ఆ కారులో ఎవరూ ఏమీ అనలేదు. ఆయన కూతురి చేయి పట్టుకుని కిటికీ అద్దం వైపు చూస్తూ ఉండిపోయారు. వాన ఆగినా వదల్లేదు. దేనికైనా ఒక మాట కలిపే నాకు ఆ రోజు ఒక్క మాటా దొరకలేదు.

ఏడాదికేడాది ఆ వరద నా నోట్లో పెరుగుతూ వస్తోంది. ఆ మౌనం మాత్రం ఆ రోజు ఎంత ఉందో ఈ రోజుకీ అంతే ఉంది.