చేపలకు ఉప్పు అలవాటు చేసిన మామ

నిన్న పొద్దున గురజాలలో మా ఇంటికి కార్డు వచ్చింది. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు. "నరసరావుపేట మామ" అనేసరికే అమ్మ కూలబడింది. ఆమెకు ఆయన ఒక్కడే అన్న. మిగతాది చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. జ్వరమట. మూడు రోజులకే పోయాడట.

మీలో కొందరు ఆయన్ను చూసే ఉంటారు. మలేరియా రాకుండా ఊళ్ళ బావుల్లో దోమపిల్లలను తినే చిన్న చేపలను వదిలేది ఆయనే. నీరసంగా ఉన్నవాటిని, ఒంటిమీద తెల్లమచ్చ ఉన్నవాటిని ముందే ఏరేసేవాడు. "ఒక్క రోగిష్టిది చాలురా, కుండంతా పోద్ది" అనేవాడు.

రెండేళ్ళ కిందట కోటప్పకొండ తిరనాళ్ళలో డేరా వేసి డబ్బులకు చూపించడానికి నాన్న బాపట్ల వైపు నుంచి పెద్ద సముద్రపు చేపను తెచ్చాడు. అద్దం బిగించిన చెక్కతొట్టి, పీపాలతో సముద్రపు నీళ్ళు. అది కదిలేదాన్నే తింటుంది, చచ్చినదాన్ని ముట్టదు. అందుకని మామ వారం ముందే నాకొక కుండెడు చిన్న చేపలు ఇచ్చాడు.

"రోజూ ఒక ముంత నీళ్ళు తీసేసి, ముంత ఉప్పునీళ్ళు పొయ్యాల. ఒక్కసారే ఉప్పులో పడితే చస్తయ్. ఇన్నావా?"

తలూపాను. మొదటి ముంత పోయగానే అవి గిలగిల్లాడాయి. చూడలేక వెంటనే ఆ నీళ్ళు మార్చేశాను. మళ్ళీ ఉప్పునీళ్ళు పోయలేదు. ఎవరికీ చెప్పలేదు.

శివరాత్రి ముందురోజు డేరాలో వాటిని తొట్టిలో వదిలాం. కాసేపటికే అన్నీ తేలిపోయాయి. పెద్దచేప ఐదు రోజులుగా ఏమీ తినలేదు, అడుగున పక్కకు ఒరిగి ఉంది. అది చస్తే మా డేరాలో చూపించడానికి ఇంకేమీ లేదు. నాన్న నావైపు చూశాడు.

అంతలో మామ వచ్చాడు, పేట నుంచి నడిచి, తలమీద ఇంకో కుండతో. తేలినవాటిని చూశాడు. నా కుండలో మిగిలిన నీళ్ళు నాలుకకు తగిలించుకున్నాడు.

"ఏందయ్యింది బావా?" అన్నాడు నాన్న.

"ఏం లేదులే. జాలిపడే చేతికి కుండిచ్చినోడు ఇంటికాడ రెండో కుండ పెట్టుకోవాల. పెట్టుకున్నా."

ఆ తప్పు నాదని ఆయన నాన్నకు ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

మామ తన కుండలో తవుడు చల్లి కూర్చున్నాడు.

"నా చేప చస్తావుంటే నీ చేపలకి విందేంది బావా!"

"ఖాళీ కడుపుది తింటే దానికేం ఒంటబడుద్ది? దీని పొట్ట నిండితేనే దాని పొట్ట నిండేది. అంత తొందరైతే నువ్వు దూకు తొట్లోకి."

ఎవరమూ నవ్వలేదు. పెద్దచేప మొప్పలు ఆగి ఆగి ఆడుతున్నాయి. ఒకసారి ఆగిపోయాయనుకుని నేను అద్దానికి ముఖం ఆనించాను. మళ్ళీ ఆడాయి. చిన్న చేపల పొట్టలు గుండ్రంగా అయ్యాక మామ ఒకదాన్ని దోసిట్లో తీసి తొట్టిలో వదిలాడు. అది చావలేదు. పెద్దచేప ముందు నుంచే ఈదుకుంటూ పోయింది. పెద్దచేప కన్ను తిరిగింది. ఒరిగినది నిదానంగా నిలదొక్కుకుంది. నోరు తెరిచింది, అంతే.

"మామా, తింది! తింది!" అని అరిచాను.

ఆయన చూడలేదు. అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఆ చిన్న చేపను వదిలిన తడి అరచేతిని తుడుచుకోకుండా అలాగే తెరిచి పట్టుకున్నాడు.