మా తోట పేరున మెయిల్

మొన్న మా ఆడపడుచు కొడుకు వచ్చి, నా ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, “ఊరికే వచ్చే మెయిల్ ఉండగా ఏటా డబ్బు కట్టి ఇదేం సోకు అత్తా?” అని నవ్వాడు. సోకట! ఒళ్లు మండిపోయింది. నా ఈడు వాళ్లకైనా చెప్పుకుంటే గాని ఆ మంట చల్లారేటట్టు లేదు.

ఆగిరిపల్లి దగ్గర మా జంటబావుల తోటను, మామగారి తర్వాత మావారు ఉన్నన్నాళ్లూ, అందరిలాగే మామిడి పూత చూసి ఆ ఏటి కాపంతా షావుకారుకు గుత్తకిచ్చేవాళ్లం. కాయ మాది, పేరు షావుకారుది. మావారు పోయాక గుత్త మానేసి, నేనే కోయించి, మాగబెట్టి, హైదరాబాదు ఇళ్లకు రసాల మామిడిపళ్ల పెట్టెలు పంపడం మొదలుపెట్టాను. ఆర్డర్లు రావడానికి మెయిల్ కావాలంటే ఆ షావుకారే, “మా కంపెనీ దాంట్లోనే మీకూ ఒకటి తీస్తామండీ, మీకెందుకు శ్రమ” అన్నాడు. పెట్టెలకు పోగా మిగిలిన కాయ ఆయనకే అమ్ముతున్నాను కదా అని సరేనన్నాను.

కొన్ని వేసవులు బాగానే గడిచాక మాటా మాటా వచ్చి విడిపోయాం. మర్నాటికల్లా నా మెయిల్ తెరుచుకోలేదు. చిరునామా ఆయన గుప్పిట్లోది కదా! నా పళ్ల కోసం రాసినవాళ్ల ఉత్తరాలన్నీ ఆయనకే చేరాయి. ఆయన ఎక్కడెక్కడి కాయో నింపి, జంటబావుల తోట అని చీటీ అంటించి పంపించాడు. ఏళ్లుగా కొనే ఒకావిడ ఫోన్ చేసి, ఇంత పుల్లటి పళ్లు పంపారేమిటండీ అని నిలదీస్తే గాని నాకు తెలియలేదు. ఎంత ఏడుపొచ్చిందో! కానీ ఏడుస్తూ కూర్చుంటే తోట పేరు మట్టిలో కలిసిపోదూ?

బ్యాంకులో పనిచేసే మా చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని, తోట పేరునే డొమైన్, అంటే మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు, కొని, మన ఉత్తరాల్లోకి తొంగిచూడని మెయిల్ వాళ్ల దగ్గర డబ్బు కట్టి పెట్టించాను. ఒక్క మెయిల్ పెట్టెకు ఎన్ని మారుపేరు చిరునామాలైనా పెట్టుకోవచ్చని చెల్లెలు చెప్పగానే మా మామగారు గుర్తొచ్చారు. ఒక్కో మార్కెట్టుకు పోయే గంపలకు ఒక్కో రకం ముడి వేయించి, ఏ గంప మీద ఫిర్యాదు వచ్చినా అది ఎక్కడికి పోయిందో ముడి చూసి చెప్పేవారు ఆయన. నేనూ అలాగే లారీ ఆఫీసుకొక చిరునామా, పురుగుమందుల కొట్టుకొకటి, అట్టపెట్టెలవాళ్లకొకటి ఇచ్చాను; అన్నీ వచ్చేది నా ఫోనుకే. మందుల కొట్టుకిచ్చిన దానికి లోన్లవాళ్లు రాయడం మొదలుపెట్టినప్పుడు, నా చిరునామా బయటపెట్టిందెవరో ఇట్టే దొరికిపోయింది. వెళ్లి నలుగురి ముందూ కడిగేసి, ఆ ఒక్కటీ తీసి పారేశాను. మిగతావి నిక్షేపంగా ఉన్నాయి.

ఆ మెయిల్ వాళ్లు కూడా తర్వాత రేటు పెంచి బెట్టు చేస్తే, పేరు వెంటబెట్టుకుని ఇంకో మెయిల్ కంపెనీకి మారిపోయాను; కొనేవాళ్లకు తెలియను కూడా లేదు. పుల్లటి పళ్లని కోప్పడ్డ ఆవిడ ఇప్పటికీ నా దగ్గరే కొంటుంది. పోయినేడు షావుకారు వచ్చి, పాతవన్నీ మర్చిపోయి మళ్లీ కలిసిపోదామన్నాడు. “కాఫీ తాగండి, పేరు మాత్రం ఇవ్వనండీ” అని సాగనంపాను.

మామగారి రోజుల్లో ముసునూరు దాకా ఎవరినడిగినా మా తోట పేరు చెప్పేవారు, అది మీదేనా అని రుజువు అడిగినవాళ్లు లేరు. తోట దగ్గరికొచ్చిన వాళ్ల చేతిలో పండు పెట్టి, తిని చూసి నచ్చితేనే తీసుకెళ్లమనేవాళ్లం. ఇప్పుడు మన పేరును మనమే కొనుక్కుని, ఏటా గడువు దాటకుండా కాచుకోవాల్సి వస్తోంది. బాధగానే ఉంటుంది. అయినా సరే, నేను బతికుండగా ఆ పేరుకొచ్చిన ఉత్తరం ఇంకొకడు విప్పడు.