కూలినంక ఇస్తా

ఒక ఇంటి దగ్గరికి ఏటేటా వెళ్లి, అదే చోట నిలబడి, అంత శ్రద్ధగా ఫోటో తీసే మనిషికి ఆ ఇంటి మీద ఉన్నది ప్రేమా, పగా? ఈ ప్రశ్న నన్ను పట్టుకుని చాలా ఏళ్లయింది. జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి, మెట్టుగూడలో మా పక్కింటి టీచరమ్మ, పోయిన ఆదివారం పొద్దున చర్చికి తయారవుతూ, జడ సగం అల్లుకుని, కుర్చీలో కూర్చున్నచోటే పోయారు.

సమాధి దగ్గర పాస్టరుగారు ఆవిడను పాత కట్టడాల ప్రేమికురాలన్నారు. అందరూ తలలూపారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఆవిడే ఉంటే ఆయన్ని అక్కడికక్కడ దిద్దేవారు. మిషన్ బడిలో డ్రాయింగ్ నేర్పిన మనిషి, వంకర గీత చూసి ఊరుకోవడం చేతకాదు.

నేను చరిత్రలో ఎమ్మే చేసి ఖాళీగా ఉన్న రోజుల్లో మా స్నేహం మొదలైంది. ఆవిడకు కెమెరా ఉంది, నాకు మోపెడ్ ఉంది. వానలు వెనకబట్టాక ఒక సెలవు రోజు, జెర మా ఊరి దాకా తీసుకుపోతావా బిడ్డా అని అడిగారు. సైనిక్‌పురి దాటి, తారు రోడ్డు వదిలి, బండ్ల బాట పట్టాం. దారిలో కప్పు లేని ముసాఫిర్‌ఖానా సత్రం కనిపిస్తే ఆగేదాన్ని, రావిమొక్కలు చీల్చేసిన గోదాము కనిపిస్తే ఆగేదాన్ని. ఆవిడ మోపెడ్ పక్కన నిలబడి ఓపిగ్గా చూసేవారు గానీ కెమెరా సంచీ విప్పేవారు కాదు. రీలంతా ఒక్క ఇంటి కోసమే. అది వాళ్ల ఊరి దొర గడీ. కోటలాంటి ఇల్లు, ఎత్తైన దర్వాజా, అప్పటికే వెనకభాగం పడిపోయి ఉంది.

గడీ ముందు బాటంతా బురద. నేను చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. టీచరమ్మ గొంతు నేనెప్పుడూ విననంత కటువుగా వచ్చింది.

"చెప్పులు ఏస్కో."

బురద కదా అన్నాను.

"బురదైతే కడుక్కుందాం. ఈడ మాత్రం చేతుల పట్కోకు."

అప్పుడు చెప్పారు. దొర ఉన్న రోజుల్లో ఆ దర్వాజా ముందునుంచి పోయే ఎవరైనా చెప్పులు చేత పట్టుకుని, నడుం వంచి పోవాలి. వాళ్ల నాన్న వెట్టికి వచ్చి, పిలుపు వచ్చేదాకా సరిగ్గా నేను నిలబడ్డ చోటే నిలబడేవాడు. ఆ మాట చెప్పి ఆవిడ నన్ను పక్కకు జరిపి, అక్కడే నడుం సగానికి వంచి, కెమెరా కన్నుకు ఆనించారు. నిటారుగా నిలబడితే దర్వాజా మొత్తం బాగా వస్తుందని నేను సలహా ఇచ్చాను. ఆవిడ వంగే ఉండి, "మా నాయిన వంగి చూసిన ఎత్తులకెళ్లే తీస్తా" అన్నారు.

అలా ఏటా. వానలు పోగానే మోపెడ్ తియ్యమనేవారు, ఎంత దిగిందో చూడాలి కదా అంటూ. ఒక ఏడు మిద్దె కూలితే తిరుగుదారిలో నాకు మిర్చిబజ్జీలు కొనిపెట్టారు. ఇంకో ఏడు ఏమీ కూలలేదు. బజ్జీల బండి దగ్గర ఆపబోతే ముందుకు పొమ్మన్నారు. ముందుగోడ పక్కకు ఒరిగిన ఏడు మాత్రం కెమెరా దించి, ఆ గోడను నాకు చూపించారు.

"వంగింది సూడు బిడ్డా. మా నాయిన సుత గిట్లనే వంగెటోడు. ఇప్పుడు అనమను గడీని, బాంచన్ కాల్మొక్త అని."

కార్ఖానా బస్తీలో ఫోటో స్టూడియో అతను ప్రింట్లు ఇచ్చేటప్పుడు, ఒకే ఇంటికి ఇన్ని ఫోటోలెందుకమ్మా, మీ తాతలదా అని అడిగేవాడు. అవును, మా తాతలు కట్టిందేనని ఆవిడ జవాబు. అబద్ధమూ కాదు. ఆ రాళ్లు మోసింది వాళ్లే.

నేను చదువుకున్న చదువు ఊరుకోదు కదా, ఇవి మన వారసత్వం, కాపాడుకోవాలి అన్నానొకసారి. ఆవిడ నవ్వారు. దాన్నుంచి వాళ్ల నాన్నకు వచ్చిన వారసత్వం నడుంనొప్పి ఒక్కటేనట. క్షమించడం గురించి పాస్టరుగారు చెప్పినదాన్ని గుర్తుచేస్తే, "క్షమించుడు ప్రభువు పని. నాది ఫోటో తీసుడు" అన్నారు.

కొన్నేళ్ల క్రితం సైనిక్‌పురిలో ఎవరో ఔత్సాహికులు ఫోటోల ప్రదర్శన పెడితే, నా బలవంతం మీద ఆవిడ నాలుగైదు ఇచ్చారు. అక్కడ జరిగిన పొరపాటు మేమిద్దరం ఊహించనిది. వంగి తీసిన ఫోటోల్లో గడీ ఆకాశమంత ఎత్తుగా, ఠీవిగా కనిపించింది. జనం ఆగి ఆగి చూశారు. దొరగారి మనవడు కూడా వచ్చాడు. నా ఈడువాడే, మర్యాదస్తుడు. మా ఇంటిని ఇంత ప్రేమగా ఎవ్వరూ తియ్యలేదు మేడమ్ అంటూ కళ్లు తుడుచుకున్నాడు. దర్వాజా మీద చెక్కడాలు రాలిపోయాయనీ, ఈ ఫోటోలుంటే ఉన్నదున్నట్టు మళ్లీ కట్టిస్తాననీ చెప్పి, మిగతావి కూడా అడిగాడు.

టీచరమ్మ అతని బూట్ల వైపు చూశారు. మెయిన్ రోడ్డు నుంచి మా గల్లీ చివర దాకా చెప్పులు చేత పట్టుకుని వస్తే మాట్లాడదామన్నారు.

ఏదో మొక్కు అనుకున్నాడు పాపం. ఆ ఆదివారమే వచ్చాడు. పాలిష్ చేసిన బూట్లు చేతిలో, మేజోళ్లు బూట్లలో కుక్కి. అరుగుల మీద ఉన్నవాళ్లు బీడీలు ఆర్పి మరీ చూశారు. టీచరమ్మ గడప మీద కొత్త చెప్పులు వేసుకుని నిలబడి, నిటారుగా నిలబడి, ఒక్క ఫోటో తీశారు. తర్వాత లోపల కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. తాగి, మరి ఫోటోలు మేడమ్ అన్నాడు.

"ఇంకా కూలలే గద బాబూ. కూలినంక ఇస్తా."

హాస్యమనుకుని అతను నవ్వాడు. మేమిద్దరం నవ్వకపోయేసరికి లేచాడు. వెళ్లాక నేను ఉండబట్టలేక, ఈయనేం చేశాడు టీచరమ్మా, అప్పటికి పుట్టనే లేదు కదా అన్నాను.

"మా నాయిన మాత్రం ఏం చేసిండు?"

నేను చాయ్ కప్పులు తీసి ఆవిడకు అందించాను. అవి కడుగుతూ ఆవిడ కూనిరాగం తీసిన మాట నిజం. నాకు కూడా లోపల ఎక్కడో చల్లగా అనిపించిన మాటా నిజమే.

ఆవిడకున్న ఆశ ఒక్కటే, గడీ కంటే ఒక్క రోజు ఎక్కువ బతకాలని. బతకలేదు. ఈసారి వానలు పోయాక ఇద్దరం వెళ్లినప్పుడు ఒరిగిన గోడకు, పడిపోకుండా దొరగారి మనవడు పెట్టించిన ఇనుప దూలాలు ఆనించి ఉన్నాయి. ఆవిడ ఫోటో తియ్యలేదు. తిరుగుదారంతా మోపెడ్ మీద నా భుజం గట్టిగా పట్టుకునే కూర్చున్నారు.

నెగటివులున్న బిస్కెట్ల డబ్బా ఆవిడ మేనకోడలు నాకు తెచ్చిచ్చింది, అత్తమ్మ నీకే ఇయ్యమన్నదని. ఏం చెయ్యమన్నదో చెప్పలేదు. నిన్న దొరగారి మనవడు ఫోన్ చేశాడు. ఆవిడ పోయినందుకు నిజంగానే బాధపడ్డాడు. ఆ ఫోటోల కోసం ఇప్పుడు ఎవర్ని అడగాలండీ అన్నాడు. ఇస్తే, ఆ దర్వాజా ఆవిడ తీసిన కొలతతోనే మళ్లీ లేస్తుంది. కాల్చేస్తే, టీచరమ్మ వాళ్ల నాన్న నిలబడ్డ జాగాకు ఇక సాక్ష్యం ఉండదు.

బల్ల మీద రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒకదాంట్లో ఒరిగిన గోడ. ఇంకోదాంట్లో మా గల్లీలో బూట్లు పట్టుకుని వస్తున్న మనిషి, కంకర గుచ్చుకుని నడుం కాస్త వంగింది. రెండు వంపులూ ఒక్కలాగే ఉన్నాయి. ఆవిడ ఈ వంపు చూసే తీశారా, అలా పడిందా? ఇవ్వమనేవారా, కాల్చమనేవారా?